జూలై 1 పొద్దున బిల్లు రావాలి

హైదరాబాద్‌లో ఒక శనివారం సాయంత్రం, ఉద్యోగంలో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ముందు, ఇచ్చిన గడువులో ఒక టీమ్ ఎంత పని చేయగలదో లెక్కేయడం గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతారని భయమా? అడుగుతాను. వెనక కూర్చున్నా అడుగుతాను.

మొదటి ప్రశ్న. ఎనిమిది మంది టీమ్. ఆరు వారాల టైమ్. ఎంత పని అవుతుంది? ఆ, చెప్పండి. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలంటే ముప్ఫై, ముప్ఫై ఎనిమిదులు రెండొందల నలభై. అంతేనా? అందరూ తలలూపుతున్నారు. మా డైరెక్టర్ గారు కూడా సరిగ్గా ఇదే లెక్క వేశారు. ఎక్సెల్‌లో పచ్చ రంగు వేసి మరీ పంపించారు. 240 మనిషి-రోజులు. ఆ పచ్చ రంగు చూసి మేం ఎంత సంబరపడ్డామో!

ఎజైల్, అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసుకుంటూ పోయే పద్ధతి, దాని చరిత్ర నేను చెప్పను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో, యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ఒక మ్యానిఫెస్టో రాశారు. మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, పరీక్ష కూడా పెట్టి ఉంటారు. నాకు దాంట్లో ఒక్క ముక్కతోనే పని. ప్లాన్‌ను పట్టుకు వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడం మేలు అన్నారు. దీన్ని మనవాళ్లు ఎలా అర్థం చేసుకున్నారు? "ఎజైల్ అంటే డేట్ ఉండదు కదా సార్!" ఉండదా? పార్లమెంటులో పెట్టిన డేట్‌ను మన స్టిక్కీ నోట్స్ మారుస్తాయా?

నేను చెప్పబోయే కథలో డేట్ 2017 జూలై 1. ఆ రోజు ఏమిటో ఇక్కడ కామర్స్ చదివినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. జీఎస్టీ. అసలు ఏప్రిల్ 1 నుంచే అన్నారు, జూలైకి జరిగింది. ఒకసారి జరిగింది కదా, ఇంకోసారి జరుగుతుందిలే అని సగం దేశం కూర్చుంది. జరగలేదు. జూన్ 30 అర్ధరాత్రి సెంట్రల్ హాల్‌లో మొదలుపెట్టేశారు.

మాది చిన్న కంపెనీ. హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. పేరు చెప్పను, ఎందుకంటే మా తప్పులు కూడా చెప్పబోతున్నాను. ఏ సరుకు మీద ఎంత పన్నో చెప్పాల్సిన జీఎస్టీ కౌన్సిల్ మే 18, 19 తేదీల్లో శ్రీనగర్‌లో కూర్చుని చాలా వాటికి రేట్లు ఖాయం చేసింది. శుక్రవారం మీటింగ్ అయింది, సోమవారం, అంటే మే 22న, మేం పని మొదలుపెట్టాం. జూన్ 30 శుక్రవారం. లెక్కేయండి, సరిగ్గా ఆరు వారాలు. పనిని రెండేసి వారాల ముక్కలుగా చేస్తాం, వాటినే స్ప్రింట్లు అంటాం. అలాంటివి మూడు.

ఇప్పుడు ఆ పచ్చ రంగు 240 సంగతి చూద్దాం. నేను చేసిందల్లా ఒకటే. ఒక తెల్ల కాగితం తీసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "ఈ ఆరు వారాల్లో నీకు ఇంట్లో ఏమున్నాయి?" అని అడిగాను. టీమ్ మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. పక్కనోడు సెలవు పెట్టనంటుంటే నేనెలా చెప్పను అని మొహమాటం. విడిగా, టీ దగ్గర అడగాలి.

జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం, శుక్రవారం. జూన్ 26 రంజాన్, సోమవారం. రెండు సెలవులు, ఎనిమిది మందికి పదహారు రోజులు ఎగిరిపోయాయి. 224. ఒక డెవలపర్ చెల్లెలి పెళ్లి. ఇంటికి పెద్దకొడుకు, ఎనిమిది రోజులు కావాలన్నాడు. ఇస్తామా, ఇవ్వమా? ఇవ్వకపోతే వచ్చి కూర్చుంటాడు, ఫోన్‌లో క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడుతుంటాడు. అదీ సెలవే, కాకపోతే మన లెక్కలోకి రాని సెలవు. జూన్‌లో బళ్లు తెరుస్తారు, ఇద్దరికి పిల్లల అడ్మిషన్లు, తలా రెండు రోజులు. మా అకౌంట్స్ అమ్మాయి సీఎంఏ, అంటే కాస్ట్ అకౌంటెంట్ పరీక్షలు రాస్తోంది, మూడు రోజులు. ఇంకొక టెస్టర్ ఉన్నాడు, వాళ్ల నాన్నగారికి ఉబ్బసం. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు వేస్తారు కదా, ముందు రోజు రాత్రి నుంచే క్యూలో నిలబడాలి. అది ఏ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్‌లో ఉంటుంది చెప్పండి? ఒక రోజు. నవ్వుతున్నారు గానీ, ఆ ఒక్కరోజు తెలియకపోవడం వల్ల ఒక రిలీజ్ ఆగడం నేను చూశాను.

ఈ సొంత సెలవులు మొత్తం ఇంకో పదహారు రోజులు. 208 మిగిలింది. ఆగండి, ఇంకా అవలేదు. పాత వెర్షన్ వాడుతున్న కస్టమర్లు ఫోన్లు చేయడం మానేస్తారా? ఒక డెవలపర్ సగం రోజు దానికే. పద్నాలుగు రోజులు. 194.

ఇక రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తామా? నిజం చెప్పండి, ఇక్కడ మీ మేనేజర్లు ఎవరూ లేరు. నేను ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, నా టైమే. రోజూ నిలబడి మాట్లాడుకునే స్టాండప్ పదిహేను నిమిషాలంటారు, పాతిక పడుతుంది. ప్లానింగు, రివ్యూ, అయిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే రెట్రో. పక్కవాడి కోడ్ చూడటం. మెయిళ్లు. "రెండు నిమిషాలు వస్తావా" అంటే పోయే ముప్పావు గంట. నికరంగా పని మీద కూర్చునేది ఐదు గంటల పది పన్నెండు నిమిషాలు తేలింది. అంటే 0.65. మీ దగ్గర ఇంకో అంకె రావచ్చు, ఒక వారం రాసుకుని చూడండి. నా అంకెను ఎత్తుకెళ్లకండి.

194ని 0.65తో గుణిస్తే 126. ఎక్కడి 240, ఎక్కడి 126! మేమేం పని దొంగలం కాదు. అందరూ రోజూ వచ్చినవాళ్లే, కష్టపడ్డవాళ్లే. డైరెక్టర్ గారికి ఈ కాగితం చూపించాను. "శని ఆదివారాలు కూడా వేయి" అన్నారు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

అయితే ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 126 రోజులూ ఒకే రకం రోజులు కావు. మా ఎనిమిది మందిలో డెవలపర్లు ఐదుగురు, టెస్టర్లు ఇద్దరు, అకౌంట్స్ తెలిసిన అమ్మాయి ఒకరు. మీరు టిఫిన్ సెంటర్‌కు వెళ్లారనుకోండి. పిండి రుబ్బేవాళ్లు ఐదుగురున్నారు, చట్నీ సిద్ధం, ప్లేట్లు సిద్ధం. పెనం ఒక్కటే. గంటకు ఎన్ని దోసెలు వస్తాయి? రుబ్బేవాళ్లను లెక్కపెడతారా, పెనాన్ని చూస్తారా? మా పెనం టెస్టింగ్. ఇద్దరికి 28 రోజుల చొప్పున 56, సెలవులు మూడు పోతే 53, దాన్ని 0.65తో గుణిస్తే 34 రోజులు. పని ఎంత పెద్దదో మేం పాయింట్లలో కొలుస్తాం. మా పాత అనుభవంలో ఒక్కో పాయింటు పనికి అరరోజు టెస్టింగ్ పట్టేది. చేయాల్సిన పని మొత్తం 90 పాయింట్లు. అంటే 45 రోజుల టెస్టింగ్. ఉన్నది 34. డెవలపర్లు రాత్రింబగళ్లు రాసినా పెనం పక్కన పిండి గిన్నెలు పెరుగుతాయి, అంతే.

ఈ 90 పాయింట్లు ఎక్కడివి అంటారా? ఒక్కో పనికి ఎన్ని పాయింట్లో కార్డులతో అంచనా వేసే ప్లానింగ్ పోకర్ మీరు ఆడే ఉంటారు. జేమ్స్ గ్రెనింగ్ అనే ఆయన 2002లో పెట్టిన పద్ధతి. కార్డుల మీద 1, 2, 3, 5, 8, 13. అందరూ ఒకేసారి కార్డు చూపించాలి. ఒకేసారి ఎందుకు? మన దగ్గర సీనియర్ ముందు చెబితే జూనియర్ వేరే అంకె చెప్పగలడా? "అన్న మూడన్నాడు కదా, నాదీ మూడే." అందుకు.

మా దగ్గర ఏమైందో చెబుతాను. కార్డు మీద రాసింది: 'బిల్లు ప్రింటులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పన్ను కాలమ్‌లు చేర్చాలి'. హెచ్‌ఎస్‌ఎన్ అంటే సరుకు ఏ రకమో చెప్పే అంకె. డెవలపర్లు అందరూ 3. నేనూ 3. మా చేపమందు టెస్టర్ ఒక్కడే 13 పెట్టాడు. గదిలో నవ్వులు. "ఏంటి తమ్ముడూ, మూడు కాలమ్‌లకు పదమూడా?" అన్నాడు ఒకతను. వాడు నెమ్మదిగా చెప్పాడు, "అన్నా, మీరెప్పుడైనా బేగంబజార్ వెళ్లి మన బిల్లు చూశారా? వాళ్లవి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. కాగితం మీద ముందే గీతలు, షాపు పేరు అచ్చువేయించి ఉంటాయి. 80 అక్షరాల వెడల్పు. దాంట్లో సరుకు పేరు, బస్తాలు, తూకం, ధర, మొత్తం. ఖాళీ ఏదీ? హెచ్‌ఎస్‌ఎన్ ఎక్కడ పెడతారు? కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ ఎక్కడ పెడతారు? కొత్త కాగితం అచ్చు వేయించమంటే వాళ్ల దగ్గర రెండేళ్లకు సరిపడా పాత బండిళ్లున్నాయి."

నవ్వులు ఆగిపోయాయి. మర్నాడు నేనూ వాడూ వెళ్లాం. డ్రై ఫ్రూట్స్ హోల్‌సేల్ కొట్టు, గుమస్తా గారు అటక మీద నుంచి ఒక బండిలు దించి చూపించారు. నిజమే. మా అందరి 3 కన్నా వాడి 13 నిజం. నేను ప్లానింగ్ పోకర్‌లో అంకె కోసం చూడను, అన్నిటికన్నా చిన్న కార్డుకూ పెద్ద కార్డుకూ మధ్య ఎంత దూరం ఉందో చూస్తాను. 3, 13 పక్కపక్కన కనిపిస్తే, అక్కడ ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదని లెక్క. సగటు తీసి 8 వేసేసి ముందుకు పోతారు చూడండి, అది మహాపాపం.

సరే, 90 పాయింట్లు. మూడు స్ప్రింట్లలో ఎన్ని అవుతాయి? మా గత ఐదు స్ప్రింట్లలో పూర్తయినవి 21, 26, 14, 24, 25. డైరెక్టర్ గారు చూసి "26 చేయగలిగారుగా, మూడు ఇరవైయ్యారులు 78, కొంచెం గట్టిగా పట్టుకుంటే 90" అన్నారు. బాబూ, ఒక మ్యాచ్‌లో సెంచరీ కొట్టినవాడు ప్రతి మ్యాచ్‌లో కొడతాడా? ఆ 14 ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు. వైరల్ జ్వరాలు ఆ వారం. జ్వరాలు మళ్లీ రావా?

నేను రెండు రకాలుగా చూశాను. ఐదింట్లో తక్కువగా ఉన్న మూడూ కూడితే, 14, 21, 24, మొత్తం 59. అది ఒకటి. రెండోది, సగటు 22. కానీ ఆ రోజుల్లో సెలవులూ సపోర్టూ పోగా స్ప్రింటుకు 72 మనిషి-రోజులు ఉండేవి. ఇప్పుడు 194ని మూడుతో భాగిస్తే 65 లోపే. 22ను ఆ నిష్పత్తిలో తగ్గిస్తే స్ప్రింటుకు ఇరవైకి కాస్త తక్కువ, మూడు స్ప్రింట్లకు 59. రెండు దారుల్లోనూ 59 రావడం కాకతాళీయం, ప్రతిసారీ ఇలా కుదరదు, నన్ను నమ్మి ఇంటికెళ్లి ప్రయత్నించకండి.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ మళ్లీ 0.65 వేయకూడదు. ఎందుకు? ఆ 21, 26 పాయింట్లు చేసింది టీ తాగుతూ, మీటింగుల్లో కూర్చుంటూనే కదా. ఆ కోత అందులో ఇప్పటికే ఉంది. ఒకే బట్టను రెండుసార్లు కత్తిరిస్తే చొక్కా రాదు. చాలామంది సీనియర్లు కూడా ఈ తప్పు చేస్తారు, తర్వాత "ఎజైల్‌లో పని తక్కువ చూపిస్తారు" అని మనకు చెడ్డపేరు.

అసలు మనుషుల్ని అడక్కుండా పాత లెక్కల్ని ఎందుకు అడగాలి? మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ సొంత అనుభవం ఒకటి ఉంది. ఇజ్రాయెల్‌లో బడిపిల్లలకు పాఠ్యపుస్తకం రాసే బృందంలో ఉన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని అందరినీ కాగితం మీద రాయమంటే రెండేళ్లకు అటూ ఇటూ రాశారు. అదే బృందంలో ఉన్న అనుభవజ్ఞుణ్ణి "ఇలాంటి పని చేసిన వేరే బృందాలకు ఎన్నేళ్లు పట్టింది?" అని అడిగితే, ఏడు నుంచి పదేళ్లు, అదీ నలభై శాతం మంది అసలు పూర్తి చేయలేదు అన్నాడు. ఆ అనుభవజ్ఞుడు తన కాగితం మీద ఎంత రాశాడనుకుంటున్నారు? ఆయనా రెండేళ్ల చుట్టుపక్కలే! చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. తెలిసినవాడు కూడా తన పని దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాడు.

ఇంతకూ 59 ఉంది, 90 కావాలి. 31 ఎక్కువ. ఏం చేద్దాం? ఆ, వెనక నుంచి ఎవరో అన్నారు, మనుషుల్ని పెంచాలి. మా డైరెక్టర్ గారూ అదే అన్నారు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించాడు, ఆలస్యమవుతున్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. ఎనిమిది మంది ఉంటే ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 28. పదిమందైతే? 45. ఇద్దరు పెరిగారు, మాటలు పదిహేడు పెరిగాయి. అయినా వేరే ప్రాజెక్టు నుంచి ఇద్దరిని తెచ్చి జూన్ 5న కూర్చోబెట్టారు. మంచి పిల్లలే. కానీ సీజీఎస్టీ అంటే ఏమిటో, మా కోడ్‌లో రౌండింగ్ ఎక్కడుందో చెప్పాల్సింది ఎవరు? మా వాళ్లే. ఆ స్ప్రింట్‌లో అయినవి 15 పాయింట్లు. మొదటిదాంట్లో 22 అయ్యాయి. నేను వద్దన్నాను గానీ గట్టిగా అనలేదు, అది నా తప్పు.

శని ఆదివారాల సంగతి. రెండు వారాంతాలు చేశాం. సోమవారం కనిపించిన బగ్స్ సరిచేయడానికి మంగళవారం దాకా పట్టింది. ఇక దాని గురించి మాట్లాడను.

మరి దారేది? డేట్ కదలదు. మనుషులు సాగరు. ఇక మిగిలింది పనే కదా. కానీ "ఏం తీసేద్దాం?" అని అడిగితే ఎవరూ ఏదీ తీయనివ్వరు, అన్నీ ముఖ్యమే అంటారు. నేను ప్రశ్న మార్చాను. డైరెక్టర్ గారిని అడిగాను, "సార్, జూలై 1 శనివారం పొద్దున తొమ్మిదింటికి బేగంబజార్‌లో షట్టర్ తీశారు. మొదటి గిరాకీ వచ్చాడు. అప్పుడు మన సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి?" ఆయన ఆలోచించి, "బిల్లు రావాలి" అన్నారు. "ఇంకా?" "పన్ను సరిగ్గా పడాలి." "రిటర్ను?" "అది వచ్చే నెల కదా..." అని ఆయనే ఆగిపోయారు.

చూశారా? మేం డెడ్‌లైన్ ఒకటే అనుకున్నాం. కాదు. ఒక్కో పనికి ఒక్కో డేట్ ఉంది. అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్-1, అప్పటి చట్టం ప్రకారం తర్వాతి నెల 10న. అంటే ఆగస్టు. పాత సరుకు మీద పన్ను జమ తీసుకునే ఫారానికి 90 రోజులు. జూలై 1కి అవేవీ అక్కర్లేదు. రిటర్ను ఫైలు 13 పాయింట్లు, పాత సరుకు 8, కొత్త రిపోర్టులు 5, మొబైల్‌లో చూసుకునేది 5. కూడండి. 31. ఒక్క పనీ రద్దు కాలేదు, వాటి డేట్‌కు వాటిని జరిపాం, అంతే. పైగా జూన్ 18 ఆదివారం నాడు కౌన్సిల్ రిటర్నుల గడువులే సడలించి, మొదటి రెండు నెలలకు 3బి అనే చిన్న ఫారం పెట్టింది. మేం ముందే ఆ 13 పాయింట్లు చేసుంటే సగం మళ్లీ చేయాల్సొచ్చేది.

మధ్యలో రేట్లు కూడా మారాయండోయ్. జూన్ 3న బంగారం 3 శాతం, బట్టల సంగతి తేల్చారు. జూన్ 11 ఆదివారం 66 వస్తువులకు తగ్గించారు. పచ్చళ్లు 18 నుంచి 12, అగరొత్తులు 12 నుంచి 5, స్కూలు బ్యాగులు 28 నుంచి 18. ఆవకాయ సీజన్‌లో ఆవకాయ రేటు మారింది, మా కస్టమర్లలో పచ్చళ్లవాళ్లు ఇద్దరున్నారు. మేమేం చేశామంటే, మొదటి స్ప్రింట్‌లోనే రేట్లను కోడ్‌లో రాయకుండా ఒక పట్టికలో, 'ఏ తేదీ నుంచి' అనే కాలమ్‌తో పెట్టాం. అది మా అకౌంట్స్ అమ్మాయి పట్టుబట్టింది. 5 పాయింట్లు ఎక్కువయింది, నేను విసుక్కున్నాను కూడా. జూన్ 12 సోమవారం ఆ అమ్మాయి ఒక్కతే, డెవలపర్ అవసరం లేకుండా, మధ్యాహ్నం భోజనంలోపు రేట్లన్నీ మార్చేసింది.

పైవాళ్లకు ఎలా చెప్పాలి అని ఒకరు చీటీ పంపారు. ఒక్క అంకె చెప్పకండి. నేను చెప్పింది, "59 మీద ఆధారపడండి, 66 వస్తే అదృష్టం, 90 రాదు." 66 అంటే పాత సగటు 22 చొప్పున మూడు స్ప్రింట్లు. ఆ మూడో ముక్క, 90 రాదు అని చెప్పడమే కష్టం. అక్కడే గొంతు తగ్గుతుంది మనకు. ఇంకో మాట, మీ పాయింట్లను పక్క టీమ్ పాయింట్లతో పోల్చనివ్వకండి. పోల్చడం మొదలైతే పేపర్లు దిద్దేటప్పుడు దయతలచి మార్కులు వేసినట్టు ప్రతి 3 ఒక 5 అవుతుంది. ఆర్నెల్లలో వెలాసిటీ, అంటే స్ప్రింటుకు పూర్తయ్యే పాయింట్లు, రెండింతలు, పని అంతే.

చివరికి ఏమైందంటారా? 22, 15, ఆఖరి స్ప్రింట్‌లో 20. మొత్తం 57. రెండు తక్కువ. జూలై 1 పొద్దున నేను బేగంబజార్‌లోనే ఉన్నాను. తొమ్మిదికి కాదు, పదకొండు దాటాక షట్టర్ తీశారు, రాత్రంతా స్టాకు లెక్క చూసుకున్నారట. ప్రింటర్ కీచుమని కూసింది, బిల్లు వచ్చింది. పాత కాగితం మీదే, సరుకు పేరు కింద రెండో వరసలో హెచ్‌ఎస్‌ఎన్, పక్కన పన్ను. గుమస్తా గారు కళ్లజోడు పైకి తోసి, కిందికి దించి, కాగితాన్ని లైటు కింద పెట్టి చూశారు. "పన్ను కరెక్టే గానీ బాబూ, ఈ చీమ అక్షరాలు ఎవరు చదవాలి?" అన్నారు.

అక్షరాలు పెద్దవి చేసే కార్డు ఒకటుండేది. 2 పాయింట్లు. మిగిలిపోయింది అదే. తర్వాతి స్ప్రింట్‌లో మొదట అదే తీశాం, మా టెస్టర్ మాత్రం అది 5 అన్నాడు.